లండన్ గుమ్మం మీద పరాయి మాట

చదువుకోడానికి జర్మనీ వెళ్ళిన మన పిల్లలకు మొదటి వారంలోనే పట్టుబడే మాట ‘ఐన్‌గాంగ్’. విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, సూపర్ మార్కెట్టు, ఎక్కడ చూసినా తలుపు మీద అదే ఉంటుంది. లోపలికి దారి ఇటు అని అర్థం. సరిహద్దు దాటి నెదర్లాండ్స్ వెళ్తే అది ‘ఇన్‌ఖాంగ్’, స్వీడన్‌లో ‘ఇన్‌గోంగ్’. పలికే తీరు మారింది కానీ మాట ఒక్కటే. ముందు సగం ‘లోపలికి’, వెనక సగం ‘నడక’.

ఇంగ్లీషు ఈ భాషలకు తోబుట్టువు. అందరిదీ జర్మానిక్ కుటుంబమే. నీళ్ళకూ ఇంటికీ చేతికీ తల్లికీ వాళ్ళు వాడే మాటలు పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. లండన్‌లో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పోలిక చెదిరిపోతుంది. బోర్డు మీద ‘ఎంట్రన్స్’ అని ఉంటుంది. ఇది పారిస్ తలుపుల మీద కనిపించే ‘ఆంత్రే’కి చుట్టం, ఈ ఇంటి మాట కాదు. తలుపును ‘డోర్’ అంటారు, గేటును ‘గేట్’ అంటారు, గడపను ‘థ్రెషోల్డ్’ అంటారు. మూడూ ఆ నేల మీద పాతవే. వాటిని దాటి లోపలికి వెళ్ళే పనికి మాత్రం పేరు సముద్రం అవతలినుంచి వచ్చింది.

మొదట్నుంచీ అంతే అయితే పేచీ లేదు. కానీ వెయ్యేళ్ళ నాటి ఇంగ్లీషు రాతప్రతుల్లో ‘ఇన్‌గాంగ్’ ఉంది. లోపలికి వెళ్ళడానికి ‘ఇన్‌గాన్’ అనే క్రియ ఉంది. పక్కింటి జర్మన్లు ఇవాళ్టికీ కాపాడుకున్న మాట వీళ్ళ దగ్గరా ఉండేది. అది ఏమైపోయింది?

చాలామంది చెప్పే జవాబు ఒకటి సిద్ధంగా ఉంది. 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లీషు రాజును ఓడించాడు. ఫ్రెంచి మాట్లాడే దొరలు గద్దెనెక్కారు. కొట్టంలో ఆవు ఇంగ్లీషులోనే మిగిలింది, దొర పళ్ళెంలో దాని మాంసం ఫ్రెంచి అయింది. 1819లో వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’ నవలలో పెట్టాక ఈ ఆవు కథ ఇంగ్లీషు పాఠాలన్నిటికీ పాకింది. దీన్నే గుమ్మానికీ అంటించి, దొర వచ్చాడు, తన మాట తలుపు మీద రాయించాడు, పాతది చచ్చిపోయింది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. తారీఖులే ఒప్పుకోవు.

పీటర్‌బరో అనే ఊళ్ళో మఠవాసులు ఏటేటా జరిగింది రాసి పెట్టుకునేవారు. హేస్టింగ్స్ తరవాత 88 ఏళ్ళకు, 1154లో, ఆ రాత ఆగిపోయింది. అప్పటిదాకా వాళ్ళు రాసింది ఇంగ్లీషులోనే. ఫ్రెంచి దొరల కింద మూడు తరాలు గడిచాక కూడా అందులో ఫ్రెంచి మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఉన్నవి కూడా చెరసాల, ఖజానా, న్యాయాధికారి లాంటివి, అంటే జనం దొరతనాన్ని ఎదురుగా చూసిన చోటివి. ‘ఎంటర్’ ఇంగ్లీషు రాతలోకి వచ్చేసరికి 13వ శతాబ్దం అయింది. యుద్ధానికీ దానికీ మధ్య సుమారు రెండు వందల ఏళ్ళు. కత్తితో వచ్చిన మాట అన్నేళ్ళు ఎక్కడ దాక్కుంది?

దాక్కోలేదు. దొరల ఇళ్ళల్లోనే ఉంది, ఫ్రెంచిలో భాగంగా. అది ఇంగ్లీషులోకి దిగడానికి కావలసిన పరిస్థితి 1204 తరవాత వచ్చింది. ఆ ఏడు జాన్ రాజు నార్మండీని ఫ్రాన్సుకు పోగొట్టుకున్నాడు. రెండు గట్ల మీదా భూములున్న దొరలు ఏదో ఒక గట్టు తేల్చుకోవలసి వచ్చింది. ఇంగ్లండులో నిలిచిపోయినవాళ్ళ పిల్లలు దాదుల దగ్గరా పనివాళ్ళ దగ్గరా ఇంగ్లీషు నేర్చుకుంటూ పెరిగారు. ఆ శతాబ్దం నడుమ వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ అనే ఆయన ఒక దొరసాని పిల్లలకు ఫ్రెంచి నేర్పడానికి ఒక పద్యపాఠం రాశాడు. దాని ప్రతుల్లో ఫ్రెంచి మాటల పైన, పంక్తుల సందుల్లో, ఇంగ్లీషు అర్థాలు రాసి ఉన్నాయి. దొర బిడ్డకు దొర భాష నేర్పడానికి పాలేరు భాషలో అర్థాలు రాయవలసి వచ్చిందంటే గాలి ఎటు తిరిగిందో ఊహించుకోవచ్చు.

నాకు ఈ చిక్కుముడిలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన పోగు ఇదే. ఇంగ్లీషులోకి ఫ్రెంచి మాటల వరద వచ్చింది ఫ్రెంచి వెలుగుతున్నప్పుడు కాదు, ఆరిపోతున్నప్పుడు. సుమారు 1250 నుంచి 1400 దాకా అది ఉధృతంగా సాగింది. ఇల్లు మారేవాళ్ళు సామాను మోసుకొచ్చినట్టు, ఫ్రెంచి వదిలి ఇంగ్లీషుకు మారుతున్న కుటుంబాలు తమ మాటల్ని వెంట తెచ్చుకున్నాయి. ‘ఎంటర్’ ఆ మూటల్లో వచ్చింది.

దీన్ని సరిచూసుకోడానికి ఒక దారి ఉంది. లోపలికి వెళ్ళమని చెప్పే ఒకే వాక్యం వేర్వేరు కాలాల్లో ఇంగ్లీషులోకి మారి ఉంటే, వాటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అలాంటిది బైబిల్లో ఉంది. మత్తయి సువార్త ఏడో అధ్యాయం పదమూడో వచనం, ఇరుకు ద్వారం గురించిన మాట. తెలుగు బైబిలు చదివినవాళ్ళందరికీ తెలిసిందే.

10వ శతాబ్దం చివరి ఇంగ్లీషు అనువాదంలో అక్కడ ‘వెళ్ళండి’ అన్న క్రియ, దాని వెంటే ‘ఇన్’ ఉన్నాయి. ఇరుకుకు మాట దేశీయమే, ద్వారానికి మాట దేశీయమే. వాక్యంలో పరాయిది ఒక్కటి లేదు. నాలుగు వందల ఏళ్ళ తరవాత, 1380ల నాటి విక్లిఫ్ బైబిల్లో ఆ క్రియ పోయి ‘ఎంటర్’ వచ్చింది. ఇరుకుకు కూడా ఫ్రెంచినుంచి వచ్చిన ‘స్ట్రెయిట్’ వచ్చి కూర్చుంది. ఇక్కడ ఇంకో అనుమానితుడు కనిపిస్తాడు. విక్లిఫ్ బృందం అనువదించింది లాటిన్ బైబిలునుంచి. ఆ లాటిన్‌లో ఉన్న క్రియ ‘ఇంత్రారె’. ఫ్రెంచి ‘ఆంత్రే’కీ దానిమీదుగా ‘ఎంటర్’కీ అదే తల్లి. అంటే కోట వైపునుంచి ఫ్రెంచి, గుడి వైపునుంచి లాటిన్, రెండూ ఒకే మాటను తోశాయి. ఒక్క దొరను పట్టుకుని నేరం అంటగట్టడం కుదరదు.

1526లో విలియం టిండేల్ గ్రీకునుంచి నేరుగా అనువదించినప్పుడు ఒక తమాషా జరిగింది. ‘ఎంటర్’ను ఉంచాడు, దాని పక్కన మళ్ళీ ‘ఇన్’ పెట్టాడు. 1611 నాటి రాజు జేమ్స్ బైబిలు కూడా దాన్ని అలాగే ఉంచింది. ‘ఎంటర్’ అన్న మాటలోనే ‘లోపల’ ఉంది కదా, ఇంకో ‘లోపలికి’ దేనికి? ఈ ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఈ కాలపు ఇంగ్లీషు బైబిళ్ళు చాలావాటిలో ‘స్ట్రెయిట్’ పోయి పాత ‘నారో’ తిరిగి వచ్చింది. ‘ఎంటర్’ మాత్రం కదల్లేదు. మాటలు వెనక్కి రావని కాదు, కొన్ని వస్తాయి. ఇక్కడ పాత క్రియ ఎందుకు రాలేదంటే, ‘ఎంటర్’ను పట్టి ఉంచిన చెయ్యి మరొకటి ఉంది.

ఆ చెయ్యి కోర్టుది.

ఇంగ్లండు న్యాయస్థానాల్లో శతాబ్దాలపాటు వాదన ఫ్రెంచిలో, రికార్డు లాటిన్‌లో నడిచాయి. ఫ్రెంచి ఎవరికీ అర్థం కావడంలేదు కాబట్టి ఇకమీదట ఇంగ్లీషులో వాదించండని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలోనే. లాయర్ల చేతుల్లోంచి ఫ్రెంచీ లాటిన్లూ పూర్తిగా జారడానికి 1733 దాకా పట్టింది. ఆ లోకంలో ‘ఎంట్రీ’ అంటే గుమ్మం దాటడం ఒక్కటే కాదు. భూమిలో అడుగుపెట్టి అది నాదని స్వాధీనం చేసుకోవడం. పొలంలోంచి తనను తోసేసినవాడి మీద వేసే దావాల్లో ఒక రకానికి పేరే ‘రిట్ ఆఫ్ ఎంట్రీ’. నేలమీద పడ్డ అడుగు కాగితం మీద పడాలి కాబట్టి పుస్తకంలో పేరు ఎక్కడమూ ‘ఎంట్రీ’ అయింది. లెక్కల పుస్తకంలో ఎంట్రీ, రిజిస్టర్లో ఎంట్రీ, కంప్యూటర్లో డేటా ఎంట్రీ అన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఈ నడక మనకు కొత్తది కాదు. నామినేషన్ దాఖలు చేశారు, పిటిషన్ దాఖలైంది అని రోజూ పేపర్లో చదువుతాం. ‘దాఖలు’ అరబ్బీ మాట, దాని మూలంలో అర్థం లోపలికి వెళ్ళడం. పారశీకం మీదుగా మన కచేరీలకు వచ్చింది. దస్తావేజుల్లో ఆస్తిని ఫలానావారికి ‘దఖలు పరచడమైనది’ అంటే స్వాధీనం చేయడం. లోపలికి అడుగు, ఆ తరవాత స్వాధీనం, ఆ తరవాత కాగితం. అక్కడ ఫ్రెంచి మాట ఏ మెట్లు ఎక్కిందో ఇక్కడ అరబ్బీ మాట ఆ మెట్లే ఎక్కింది. మనం ఇంట్లోకి దాఖలు కాం, లోపలికి వెళ్తాం. ఇంగ్లీషువాడూ తన ఇంట్లోకి ‘ఎంటర్’ కాడు, ‘గో ఇన్’ అంటాడు. పాలకుడి మాట కచేరీలో ఉండిపోయింది, ఇంటి మాట ఇంట్లో ఉండిపోయింది.

కోర్టు సంగతి వచ్చింది కాబట్టి ‘బ్రేకింగ్ అండ్ ఎంటరింగ్’ గురించి చెప్పకుండా ఉండలేను. దొంగతనానికి ఇంట్లో జొరబడడాన్ని ఇంగ్లీషు చట్టం ఈ జంటపేరుతో పిలిచింది. ‘బ్రేక్’ దేశీయం, ‘ఎంటర్’ ఫ్రెంచి. లాయర్లు ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ అర్థమవాలని ఒకే సంగతిని రెండు భాషల్లో చెప్పే అలవాటుకు దీన్నీ ఉదాహరణగా కొందరు చూపిస్తారు. అది తప్పు. ఇవి రెండు వేర్వేరు పనులు, రెండూ రుజువు కావాలి. తెరిచి ఉన్న తలుపులోంచి దర్జాగా నడిచి వస్తే ‘ఎంటరింగ్’ ఉంది కానీ ‘బ్రేకింగ్’ లేదు. గొళ్ళెం ఎత్తితే చాలు, అది ‘బ్రేకింగ్’. 1769లో విలియం బ్లాక్‌స్టోన్ తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో ఈ లెక్కలన్నీ వేశాడు. పొగగొట్టంలోంచి దిగినవాడు ఏమీ పగలగొట్టలేదు కదా అంటే, పొగగొట్టాన్ని అంతకంటే మూయడం వీలుకాదు కాబట్టి అదీ ‘బ్రేకింగే’ అన్నాడు. ఒళ్ళంతా లోపలికి రానక్కర్లేదు. గడప మీద ఒక కాలు పడినా, కిటికీలోంచి కొక్కెం ఒకటి దూర్చినా అది ‘ఎంట్రీ’యే.

ఈ లెక్క మన దగ్గరికీ వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, అంటే మెకాలే బృందం 1837లో ముసాయిదా రాసి 1862 జనవరి 1నుంచి అమలైన ఐపీసీలో, 442వ సెక్షన్ కింద ఒంట్లో ఏ భాగం లోపలికి వచ్చినా ప్రవేశించినట్టేనని వివరణ ఉండేది. 445వ సెక్షన్ ఇల్లు భేదించడానికి ఆరు దారులు చెప్పి ఉదాహరణలు ఇచ్చింది. మొదటి ఉదాహరణ ఇది: ఒకడు ఇంటి గోడకు రంధ్రం చేసి అందులోంచి చెయ్యి పెట్టాడు. మన మట్టిగోడల ఊళ్ళల్లో దీనికి వివరణ అక్కర్లేదు. దీని పేరు కన్నం. ‘మృచ్ఛకటికం’ నాటకం మూడో అంకంలో దొంగ శర్విలకుడు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచిస్తూ, కొలతదారం మరిచిపోయి జంధ్యంతో కొలుచుకుంటాడు. అదే ఐపీసీ 443లో ‘లర్కింగ్ హౌస్ ట్రెస్‌పాస్’ అని ఒక నేరం ఉండేది. ఎవరికీ కనబడకుండా పొంచి ఇంట్లో దూరడం. ‘లర్క్’లో స్కాండినేవియా వాసన, ‘హౌస్’ అచ్చ ఇంగ్లీషు, ‘ట్రెస్‌పాస్’ ఫ్రెంచి. మూడు మాటల్లో మూడు వలసలు. 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక సెక్షను నంబరు మారింది కానీ ఆ పదబంధం చెక్కు చెదరలేదు.

ఇంతకీ మన ‘ఇన్‌గాంగ్’ దొరకలేదు. ఎవరు వచ్చారో, ఎందుకు ఉండిపోయారో తెలిసింది. పాతది ఎక్కడికి పోయిందో తేలలేదు. దానికి నిఘంటువులో మరో మూల వెదకాలి.

‘ఇన్‌కమ్’ అంటే ఇవాళ ఆదాయం. 1300 ప్రాంతంలో ఆ మాటకు డబ్బుతో సంబంధం లేదు. లోపలికి రావడం, రాక అంతే. డబ్బు అర్థం 1600 ప్రాంతంలో తోడైంది, మెల్లగా అదే మిగిలింది. తెలుగులో ‘రాబడి’ అన్న మాటను ఒకసారి విడదీసి చూస్తే ఆ దారి ఎటు వెళ్ళిందో విడిగా చెప్పనక్కర్లేదు. ‘ఇన్‌రోడ్’ అంటే చొరబాటు. అందులో ‘రోడ్’ మనం నడిచే రోడ్డు కాదు, గుర్రపు స్వారీ. శత్రువుల పొలిమేరలోకి గుర్రాల మీద దూసుకుపోవడం. స్కాట్లండులో ఆ ‘రోడ్’కే ‘రెయిడ్’ అన్న రూపం ఉండేది. ఇవాళ ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు చేసే రెయిడ్ అదే. ఒకే శాఖలో రెండు పాత మాటలూ ఉద్యోగం చేస్తున్నాయన్నమాట.

మూడోది ‘ఇన్‌ఫేర్’. మామూలు ఇంగ్లీషులో ఎప్పుడో పోయింది. స్కాట్లండులోనూ, అక్కడినుంచి వలస వెళ్ళినవాళ్ళు స్థిరపడ్డ అమెరికా కొండప్రాంతాల్లోనూ చాలాకాలం నిలిచింది. పాత ఇంగ్లీషులో దీని అర్థం లోపలికి వెళ్ళడం. తరవాత, పెళ్ళయిన మర్నాడు కొత్త కోడలు వరుడి ఇంట కాలు పెట్టినప్పుడు పెట్టే విందుకు పేరయింది. మన ‘గృహప్రవేశం’ అన్న మాటను కొత్త ఇంటికీ వాడతాం, కొత్త కోడలికీ వాడతాం. కోడలు కాలు పెట్టిన వేళ, మా గడప తొక్కకు లాంటి మాటలు పుట్టిన లోకానికి ఇన్‌ఫేర్ విందు వింతగా తోచదు.

వీటన్నిటిలో ‘ఇన్’ ముందు ఉంది. ఇప్పటి క్రియల్లో ‘ఇన్’ వెనక ఉంది: కమ్ ఇన్, గో ఇన్, వాక్ ఇన్. ముడికి కొస ఇక్కడ దొరుకుతుంది.

పాత ఇంగ్లీషు వాక్యం ఇవాళ్టి జర్మన్‌లా ఉండేది. క్రియ కొన్ని వాక్యాల్లో చివరికి పోయేది, కొన్నిటిలో రెండో చోట నిలిచేది. చివరికి పోయినప్పుడు ‘ఇన్’ దానికి ముందు అతుక్కునేది. క్రియ ముందుకు వచ్చినప్పుడు ‘ఇన్’ వెనక విడిగా పడేది. అంటే ఇన్‌గాన్, గాన్ ఇన్ రెండూ ఒకే మాట నిలబడే రెండు తీర్లు. జర్మన్‌లో ఇప్పటికీ రెండూ నడుస్తాయి. 12 నుంచి 15 శతాబ్దాల మధ్య ఇంగ్లీషులో కర్త, క్రియ, కర్మ అన్న వరస గట్టిపడింది. క్రియ వాక్యం చివరికి వెళ్ళడం మానేసింది. ‘ఇన్’కు ముందు కూర్చునే అవకాశమే పోయింది. వెనకే ఉండిపోయింది. తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన రిస్టో హిల్టునెన్ 1983లో ఈ మార్పు మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డ వైకింగుల భాష అప్పటికే ఈ వెనక తగిలించే పద్ధతిలో ఉంది, అదీ ఒక తోపు తోసిందని కొందరు పండితుల వాదన. కిటికీని ‘విండో’ అనడం ఆ వైకింగుల చలవే. వాళ్ళ భాషలో దానర్థం గాలి కన్ను.

కాబట్టి ‘ఇన్‌గాన్’ చచ్చిపోలేదు. వెనక్కి తిరిగి నిలబడింది. ‘గో ఇన్’ అన్న ప్రతిసారీ ఇంగ్లీషువాడు వాడుతున్నది దాన్నే. చచ్చిపోయింది ‘ఇన్‌గాంగ్’ అన్న నామవాచకం. నామవాచకానికి వెనక్కి తిరిగే వీలు లేదు. ‘గో ఇన్’ను తలుపు మీద రాస్తే ఆజ్ఞ అవుతుంది కానీ పేరు కాదు. ఆ ఖాళీలో ‘ఎంట్రీ’, తరవాత ‘ఎంట్రన్స్’ కూర్చున్నాయి. దొర మాట పాత మాటను చంపలేదు. పాత మాట సగం ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

ఇలా వెనక ముక్క తగిలించుకున్న క్రియలను ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటున్నాం. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ఆ పేరును పుస్తకానికి ఎక్కించాడు, ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించాడని చెబుతూ. అంతకు చాలాముందే, 1755లో, శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో ఇవి పరాయివాళ్ళను ఏడిపిస్తాయని ఒప్పుకున్నాడు. మనల్ని ఇప్పటికీ ఏడిపిస్తున్నాయి.

ఎందుకంటే వీటికి అంతం లేదు. ‘ఇన్’ వెనకే ఉంటుందని ఖాయమయ్యాక, ముందున్న చోటు ఖాళీ అయింది. అందులో నడక తీరును చెప్పే ఏ క్రియనైనా పెట్టవచ్చు. స్ట్రోల్ ఇన్ అంటే తీరిగ్గా వస్తాడు. స్నీక్ ఇన్ అంటే పిల్లిలా దూరతాడు. స్టాగర్ ఇన్ అంటే తూలుతూ వస్తాడు. ట్రూప్ ఇన్ అంటే గుంపుగా దిగుతారు. డ్రాప్ ఇన్, పాప్ ఇన్ అంటే చెప్పా పెట్టకుండా ఒక్క నిమిషం తొంగిచూసి పోతాడు. బార్జ్ ఇన్ అంటే ఎవరేమనుకున్నా సరే తోసుకుని వస్తాడు. బార్జ్ అంటే అడుగు చదునుగా ఉండే సరుకుల పడవ. దారిలో ఏది తగిలినా అది పట్టించుకోదు. పిలవని విందుకు వెళ్ళడానికి అమెరికన్లు 1920లలో గేట్‌క్రాష్ అన్నారు. ఇంగ్లీషులో లోపలికి వెళ్ళే మాటలకు ఎవరైనా పూర్తి పట్టిక ఇస్తానంటే నమ్మకండి. అది పట్టిక కాదు, అచ్చు. ఏ క్రియ పోసినా మాట తయారవుతుంది.

లెనర్డ్ టాల్మీ అనే భాషావేత్త 1985లో దీన్ని ప్రపంచ భాషలన్నిటికీ కలిపి చూశాడు. కొన్ని భాషలు దారిని క్రియలో పెడతాయి, నడక తీరును పక్కన చెబుతాయి. ఫ్రెంచి, స్పానిష్ అలాంటివి. కొన్ని నడక తీరును క్రియలో పెట్టి, దారిని చిన్న ముక్కతో చెబుతాయి. ఇంగ్లీషు, జర్మన్ అలాంటివి. ఇంగ్లీషువాడు ‘రాన్ ఇన్’ అన్నదాన్ని ఫ్రెంచివాడు పరుగెత్తుతూ ప్రవేశించాడు అంటాడు. మనమూ పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు అంటాం. పరుగు పక్కకు జరిగింది, రావడం అసలు క్రియ అయింది. అందుకే ఇంగ్లీషు నవలను తెలుగు చేసేటప్పుడు ఈ ‘ఇన్’లు అనువాదకుడి ప్రాణం తీస్తాయి. ‘ఎంటర్’ను చూడండి. అది దారినే చెబుతుంది, నడక సంగతి ఎత్తదు. అడుగు వేసిన తీరు నుంచి గుర్రం మీద వచ్చాడా కాలినడకన వచ్చాడా అనేదాకా ఏదీ దానికి పట్టదు. అచ్చంగా ఫ్రెంచి లక్షణం. ఏడు వందల ఏళ్ళుగా ఇంగ్లీషులో ఉంటున్నా నడవడి మార్చుకోలేదు.

లాటిన్‌నుంచి నేరుగా దిగినవి కొన్ని ఉన్నాయి, వాటిని వేగంగా దాటేయొచ్చు. ‘ఇన్‌గ్రెస్’ మామూలు మాటల్లో పెద్దగా వినపడదు, లాయర్ల రాతల్లో ఉంటుంది. పొలానికి దారి హక్కు రాసేటప్పుడు ‘ఇన్‌గ్రెస్, ఈగ్రెస్, రీగ్రెస్’ అని ముగ్గుర్నీ వరసగా నిలబెడతారు, మన దస్తావేజుల్లో ఒక్క ‘రాకపోకలు’తో తెమిలిపోయేదానికి. ‘ఇన్‌వేడ్’కు ధాత్వర్థం లోపలికి వెళ్ళడమే అయినా ఇప్పుడు సైన్యం లేకుండా కదలదు. ‘అడ్మిట్’ ఒక్కటే వేరే వైపునుంచి చూస్తుంది. మిగతావన్నీ వచ్చేవాడి పని చెబితే అది తలుపు దగ్గర నిలబడ్డవాడి పని చెబుతుంది. మన ఇళ్ళల్లో పిల్లలు ‘ఎంట్రన్స్’ రాస్తారు, కాలేజీ ‘అడ్మిషన్’ ఇస్తుంది. ఎవరి పని వాళ్ళది.

రంగస్థలం మీద మరో విడ్డూరం ఉంది. 1623లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకాల సంపుటంలో పాత్ర వచ్చినప్పుడు ‘ఎంటర్’ అని, పోయినప్పుడు ‘ఎగ్జిట్’ అని ఉంటుంది. మొదటిది ఇంగ్లీషు, ఫలానావారు ప్రవేశింతురు గాక అని. రెండోది పచ్చి లాటిన్ క్రియ, వెళ్తాడు అని. ఇద్దరు ముగ్గురు పోతే బహువచనంలో ‘ఎగ్జియంట్’ అవుతుంది. వచ్చేటప్పుడు ఒక భాష, పోయేటప్పుడు ఇంకో భాష. మన నాటకాల్లో ప్రవేశం, నిష్క్రమణ రెండూ సంస్కృతమే కాబట్టి ఈ చిక్కు లేదు. సినిమాల్లో హీరో ఎంట్రీ ఒక్కటే ఉంటుంది, నిష్క్రమణ అభిమానులు ఒప్పుకోరు.

ఇక పక్కన పెట్టిన ప్రశ్న. టిండేల్ ‘ఎంటర్’ పక్కన ‘ఇన్’ ఎందుకు పెట్టాడు?

ఒక కారణం అతని ముందున్న గ్రీకు క్రియ. దాని మొదట్లోనే ‘లోనికి’ అన్న ముక్క ఉంది, ఆ ముక్కకు ఇంగ్లీషులో ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. రెండోది అప్పటి ఇంగ్లీషు చెవి. గో ఇన్, కమ్ ఇన్ అని విని విని ఉన్నవాళ్ళకు ఒంటరి ‘ఎంటర్’ సగంలో ఆగినట్టు ఉండేది. రాజు జేమ్స్ బైబిల్లో ‘ఎంటర్ ఇంటూ’ అడుగడుగునా కనిపిస్తుంది, అదీ గదుల్లోకీ ఊళ్ళల్లోకీ వెళ్ళే చోట్ల. ఫ్రెంచిలో ఇప్పటికీ ‘ఆంత్రే’ పక్కన ‘లోకి’ లాంటి ముక్క లేకపోతే గదిలోకి వెళ్ళలేం. లాటిన్‌లోనూ ‘ఇంత్రారె’ పక్కన ‘ఇన్’ వాడేవారు. తెలుగులో ‘గది ప్రవేశించాడు’ అంటే ఎవరూ మెచ్చరు, గదిలోకి ప్రవేశించాడు అనాల్సిందే. ఇంగ్లీషే తరవాతి కాలంలో ఒప్పందాల్లోకీ చర్చల్లోకీ వెళ్ళేటప్పుడు మాత్రం ‘ఎంటర్ ఇంటూ’ ఉంచుకుని, గదుల దగ్గర ఆ ‘ఇంటూ’ను కోసేసింది.

మన బడుల్లో పిల్లలు ‘హి ఎంటర్డ్ ఇంటూ ది రూమ్’ అని రాస్తే మాష్టారు ఆ ‘ఇంటూ’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుడతారు. ఇప్పటి వ్యాకరణం ప్రకారం మార్కు పోవలసిందే. ఆ కాగితం టిండేల్ దిద్ది ఉంటే మాత్రం పోయేది కాదు.